బండికి తగిన పెట్రోలు

మావారు బడిపంతులు, జీతము మితము, యాత్రాభిలాష యమితము. సెలవులలో తిరుగుటకు మేము కొన్న పాతబండికి ఏ పెట్రోలు పోయవలెనను ప్రశ్న మా పామిడి యింట పెద్దచర్చ యయ్యెను. ఖరీదైనదే బలమైనదని పలువురు చెప్పిరి. పిల్లల పుస్తకముల సొమ్ముసైతము లెక్కించి తీయువారము గావున మేము విచారింపక నమ్మలేదు.

ఆక్టేను సంఖ్య బలమునకు కొలత గాదు, ఓర్పునకు కొలత. యంత్రమున మిక్కిలి యొత్తిడికి లోనైన పెట్రోలావిరి, నిప్పురవ్వ రగిల్చిన మంట చేరకమునుపే తనంత మండినచో, డబ్బాలో గులకరాళ్లాడించినట్టి చప్పుడు పుట్టును. అది యంత్రమునకు చేటు. అట్లు తొందరపడి మండకుండు గుణమునే ఆ సంఖ్య తెలుపును. 91 చాలిన యంత్రమునకు 100 పోసినను పరుగు పెరుగదు.

మా బండి పుస్తకమున 91 అనియే యున్నది. 2025లో దేశమంతట వ్యాపించిన, నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిసిన సాధారణపు పెట్రోలునకు కనీసము 95. ఇక అధికవ్యయమేల? అయితే ఇథనాలున శక్తి తక్కువగుటచే మైలేజీ కొంత తగ్గును. పాతబండ్ల రబ్బరు గొట్టములు చెడవచ్చును. కావున మేము వానిని పరీక్ష చేయించితిమి.

సోదరీమణులారా! మొదట బండి పుస్తకము చదువుడు. మండుటెండలో బరువుతో గుత్తిదారి పట్టినపుడు చెవియొగ్గుడు. ఆ చప్పుడు వినబడినచో మెకానిక్కునకు చూపుడు. వినబడనిచో ఖరీదైన పెట్రోలు సొమ్ము మీ పెట్టెలోనే యుండనిండు.