ధారణ తప్పిన తరువాత

ఛందోవ్యాకరణ చర్చలకు అలవాటుపడిన నా పాఠకులు ఈ టపాలో బాస్కెట్‌బాల్ ప్రసక్తి చూసి ఆశ్చర్యపోవచ్చు. అవధానంలో అప్రస్తుత ప్రసంగానికి కూడా ఒక పీట వేశారు మన పెద్దలు. ఆ పీట మీద నన్ను కాసేపు కూర్చోనివ్వండి. నా మట్టుకు ఇది అంత అప్రస్తుతమూ కాదు.

2011 ఏప్రిల్ చివరి వారంలో, వేసవి సెలవులకు కొద్ది రోజుల ఆర్జిత సెలవు జోడించుకుని, మా అమ్మాయి పురిటి నిమిత్తం అమెరికా వెళ్ళాము. డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో వాళ్ళ కాపురం. మే మొదటి వారంలో మనుమరాలు పుట్టింది. మా శ్రీమతికి పథ్యపు వంటలతో, పసిబిడ్డ స్నానాలతో క్షణం తీరిక ఉండేది కాదు. నాకు మాత్రం పగలంతా తీరికే. రాత్రి మా అల్లుడు టీవీ ముందు కూర్చుంటూ, "మామయ్యగారూ, నిద్ర రాకపోతే కాసేపు కూర్చోండి. ఈ ఆట ఒక్కడినే చూడలేను, గుండె దడ" అనేవాడు. బిడ్డ లేస్తుందని టీవీకి శబ్దం ఉండేది కాదు. అరవడానికి లేదు, చప్పట్లు కొట్టడానికి లేదు. అంత నిశ్శబ్దంగా ఆట చూసినవాళ్ళం ఆ నగరంలో మేమిద్దరమే అయి ఉంటాము.

ఆట నియమాలు అతడే చెప్పాడు. ముప్ఫై జట్లు. ఒక్కొక్క జట్టుకు 82 ఆటలు. వాటిలో మెరుగైన పదహారు జట్లు ప్లేఆఫ్స్‌కు వస్తాయి. అక్కడ ఒకే ప్రత్యర్థితో ఏడు ఆటల వరకు ఆడాలి. ముందుగా నాలుగు గెలిచినవారు పై మెట్టు ఎక్కుతారు. అటువంటి మెట్లు నాలుగు. ఒక్కొక్క ఆటకు పన్నెండేసి నిమిషాల భాగాలు నాలుగు. "నాలుగు ఆవృత్తుల అవధానమన్నమాట" అన్నాను. అల్లుడు నవ్వాడు. నేను ఎందుకు అలా అన్నానో అతడికి తెలియదు.

డాలస్ మావెరిక్స్ ఆ ఏడు 82 ఆటలలో 57 గెలిచింది. అయినా ఊళ్ళో ఎవరికీ నమ్మకం లేదట. కారణం జట్టు నాయకుడి చరిత్ర. జర్మనీలోని వుర్ట్స్‌బర్గ్ నుంచి వచ్చిన డిర్క్ నోవిట్స్కీ ఏడడుగుల మనిషి. ఒంటికాలిపై నిలిచి, వెనక్కి వాలుతూ బంతి విసరడం అతడి ప్రత్యేకత. 2006 ఫైనల్స్‌లో మయామి హీట్‌పై మొదటి రెండు ఆటలూ డాలస్ గెలిచింది. మూడవ ఆట చివరి భాగంలో పదమూడు పాయింట్ల ఆధిక్యం ఉంది. అది కరిగిపోయి, చివరి క్షణాలలో సమం చేయగలిగిన ఒక ఫ్రీ త్రో నోవిట్స్కీ చేతి నుంచి తప్పింది. ఆ ఆటతో కలిపి వరుసగా నాలుగు ఓటములు. మరుసటి ఏడు 67 ఆటలు గెలిచి అగ్రస్థానంలో ఉండి కూడా, మొదటి మెట్టు మీదనే గోల్డెన్ స్టేట్ వారియర్స్ చేతిలో ఓడారు. ఆ ఏటి ఉత్తమ ఆటగాడి బహుమానం అతడికే వచ్చింది. ఇంటికి పంపబడిన వాడు సభలో నిలబడి సత్కారం అందుకోవలసి వచ్చింది!

ఈ మాట వినగానే నాకు నిద్ర పట్టలేదు. మిత్రులకు ఇంతవరకు చెప్పని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. 1982లో, ప్రాచ్య కళాశాలలో చదువు ముగిసిన కొత్తలో, నేను ఒక అష్టావధానం చేశాను. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన అన్నీ సాఫీగా సాగాయి. అప్రస్తుత ప్రసంగికి చమత్కారంగా బదులిచ్చి సభను నవ్వించాను కూడా. చివర ధారణకు వచ్చేసరికి దత్తపది పద్యంలో రెండవ పాదం జారిపోయింది. ఎంత తడుముకున్నా దొరకలేదు. సభ ఓపికగా ఎదురుచూసింది. ఆ ఓపికనే నేను భరించలేకపోయాను. వేదిక వెనుక మెట్ల మీదుగా దిగి వెళ్ళిపోయాను. "వచ్చే నెల మళ్ళీ కూర్చో" అన్నారు గురువుగారు. ఇరవై తొమ్మిదేళ్ళు కూర్చోలేదు.

అందువల్ల ఆ రాత్రులలో నేను చూసింది ఆటను కాదు, ధారణ తప్పినవాడు మళ్ళీ వేదిక ఎక్కడాన్ని.

మొదటి మెట్టు మీద పోర్ట్‌లాండ్‌తో నాలుగవ ఆటలో, ఇరవై మూడు పాయింట్ల ఆధిక్యం పోగొట్టుకుని డాలస్ ఓడిందట. "మళ్ళీ అదే కథ" అన్నారట అందరూ. తరువాతి రెండు ఆటలూ గెలిచి పైకి వచ్చారు. నేను చూడడం మొదలుపెట్టింది లాస్ ఏంజిలస్ లేకర్స్‌తో పోటీ నుంచి. అంతకుముందు రెండేళ్ళూ విజేతలైన ఆ జట్టును నాలుగుకు నాలుగు ఆటలలో ఓడించారు. చివరి ఆట 122–86. ఆపైన ఓక్లహోమా సిటీ థండర్‌తో మొదటి ఆటలో నోవిట్స్కీ 48 పాయింట్లు చేశాడు. అందులో ఫ్రీ త్రోలు ఇరవై నాలుగు. ఇరవై నాలుగూ బుట్టలో పడ్డాయి. అయిదేళ్ళ క్రితం తప్పింది అదే విద్యలో.

ఈ నిష్ఠ ఎక్కడిదని అడిగితే అల్లుడు గురువు పేరు చెప్పాడు: హోల్గర్ గెష్విండ్నర్. ఒకప్పటి జర్మన్ జాతీయ జట్టు ఆటగాడు, గణితమూ భౌతికశాస్త్రమూ చదివినవాడు. బంతి ఏ కోణంలో వెడితే బుట్టలో పడే అవకాశం హెచ్చో లెక్క కట్టి, నోవిట్స్కీకి పదహారేళ్ళ వయస్సప్పటి నుంచి సాధన చేయించాడు. 2007 పరాభవం తరువాత శిష్యుణ్ణి వెంటబెట్టుకుని ఆస్ట్రేలియా నిర్జన ప్రాంతాలలో తిరిగిందీ ఆయనే. మా గురువుగారి "వచ్చే నెల" నాకు మళ్ళీ వినిపించింది.

ఫైనల్స్‌లో ఎదురైంది మళ్ళీ మయామి హీటే. లెబ్రాన్ జేమ్స్, డ్వేన్ వేడ్, క్రిస్ బోష్ ముగ్గురూ ఒక్కచోట చేరిన ఏడాది అది. మొదటి ఆటలో ఓటమి. పైగా నోవిట్స్కీ ఎడమచేతి నడిమివేలి స్నాయువు తెగింది. రెండవ ఆటలో ఏడు నిమిషాలే మిగిలి ఉండగా పదిహేను పాయింట్ల వెనుక ఉన్నారు. అల్లుడు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాడు. ఆధిక్యం క్రమంగా తరిగింది. గెలుపు బంతిని నోవిట్స్కీ ఆ ఎడమచేతితోనే వేశాడు. 95–93. నేను నోరు మూసుకునే వెళ్ళి అల్లుడి భుజం తట్టి తీసుకువచ్చాను. మూడవ ఆట పోయింది. నాలుగవ ఆటలో అతడికి తీవ్రమైన జ్వరం. బెంచీ మీద తువ్వాలు కప్పుకుని దగ్గుతూ కూర్చుని, లేచి వెళ్ళి 21 పాయింట్లు చేశాడు. అది గెలిచారు, అయిదవదీ గెలిచారు.

జూన్ 12 ఆదివారం, మయామిలో ఆరవ ఆట. మొదటి సగంలో నోవిట్స్కీ పన్నెండుసార్లు విసిరితే ఒక్కటే పడింది. నా అరచేతులు చెమర్చాయి. రెండవ పాదం దొరకని మనిషి ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అయితే ఒక తేడా కనిపించింది. పదకొండుసార్లు తప్పినవాడు పన్నెండవసారి వెనుకాడలేదు, పదమూడవసారీ వెనుకాడలేదు. ఇంకొక సంగతి నాకు అంతవరకు తోచనిది. అతడు తడబడిన ఆ సగంలో జేసన్ టెర్రీ 19 పాయింట్లు చేసి జట్టును నిలబెట్టాడు. 2006 ఓటమిలో అతడికి తోడుగా ఉన్నవాడూ ఈ టెర్రీయే. చివరి భాగంలో నోవిట్స్కీ చేయి తిరిగింది. 105–95. 1980లో పుట్టిన జట్టుకు అది మొదటి కిరీటం. గడియారం ఆగీ ఆగకముందే అతడు బల్ల దాటి, ఎవరికీ కనబడకుండా లోపలికి పరుగెత్తాడు. ఏడవడానికట. పిలిచి తీసుకురావలసి వచ్చింది. నేనూ ఒకనాడు వేదిక వెనుకకే పరుగెత్తాను. నన్ను పిలిచినవారూ ఉన్నారు. నేనే రాలేదు.

ఇంటికి తిరిగి వచ్చాక నన్ను పీడించింది నా ఓటమి కాదు. కొన్నేళ్ళ క్రితం పదవ తరగతి అమ్మాయి ఒకతె పద్యపఠనం పోటీలో మూడవ పాదం మరిచిపోయి నిలబడిపోయింది. తరువాతి పోటీకి ఆమె పేరు నేను పంపలేదు. అవమానం తప్పిస్తున్నానని అప్పట్లో అనుకున్నాను. నిజానికి నా భయాన్ని ఆ బిడ్డకు అంటగట్టాను. ఆమె ఇప్పుడు ఎక్కడ ఉందో తెలియదు. ఆ బాకీ తీరలేదు.

2012లో, నందన నామ సంవత్సర ఉగాదినాడు, మా బడి పిల్లల ఎదుట మళ్ళీ అష్టావధానానికి కూర్చున్నాను. తోటి ఉపాధ్యాయులే పృచ్ఛకులు. ధారణలో మళ్ళీ ఒక పాదం తప్పింది! ఈసారి సమస్యాపూరణంలో. "కాసేపు ఆగండి" అని చెప్పి, తక్కిన పద్యాలు ఒప్పజెప్పి, చివరకు దానికి తిరిగి వచ్చాను. వచ్చింది. పెద్దల దృష్టిలో అది లోపమున్న అవధానమే. పిల్లలు మాత్రం చప్పట్లు కొట్టారు. 2017లో పదవీ విరమణ చేసేవరకు నా తరగతిలో పద్యం మరిచిపోయిన పిల్లవాణ్ణి కూర్చోమనలేదు.

2019 ఏప్రిల్‌లో, ఒకే జట్టుకు ఇరవై ఒక్క సీజన్లు ఆడి నోవిట్స్కీ విరమించుకున్న రోజున అల్లుడు ఫోను చేశాడు. ఇద్దరమూ ఎక్కువ మాట్లాడుకోలేదు. ఆనాడు టీవీ నోరు నొక్కించిన మనుమరాలికి అప్పటికి ఎనిమిదేళ్ళు నిండబోతున్నాయి. ఫోను లాక్కుని, నేర్చుకున్న పద్యం ఒకటి అందుకుంది. మూడవ పాదం దగ్గర ఆగిపోయింది. అందించబోయి ఊరుకున్నాను.

"ఉండు తాతయ్యా, మళ్ళీ మొదటి నుంచి చెప్తాను" అంది.

స్వస్తి.