నీ కూతురి ఇంటిపేరు సంగతి

మాస్కో, శుక్రవారం

అక్కా,

క్షేమంగా చేరాం. నీ కూతురి పెళ్లి కాగితాలు తర్జుమా చేయించి నోటరీ వేయించడంతోనే నిన్నంతా సరి. రష్యన్ లిపిలో మన ‘హ’కు అక్షరం లేదట, పిల్ల పుట్టిన ఊరు ‘ఖైదరాబాద్’ అయి కూర్చుంది. ఇంటిపేరు ఒక్కో కాగితంలో ఒక్కోలా పడిందేమోనని దాని చేత అక్షరం అక్షరం చదివించాను.

నువ్వడిగిన సంగతి. పెళ్లి నమోదు చేసే ఆఫీసును జాగ్స్ అంటారు. పెళ్లయ్యాక ఏ ఇంటిపేరో దరఖాస్తులో ఇద్దరూ రాయాలి. అతనిది ఈమె తీసుకోవచ్చు, ఈమెది అతను తీసుకోవచ్చు, మధ్యలో గీత పెట్టి రెండూ కలపవచ్చు. ఎవరిది వారే ఉంచుకునే వీలు 1926 చట్టంతో వచ్చింది. 1918 చట్టం ఇద్దరికీ ఒకటే ఉండాలంది. మనిద్దరినీ ఎవరైనా అడిగారా?

నీజ్నీ నొవ్‌గొరద్, సోమవారం

అక్కా,

మాస్కో నుంచి రైల్లో నాలుగు గంటలు. ఓకా నది వోల్గాలో కలిసేది ఇక్కడే, చూసొచ్చాం.

నీ వియ్యపురాలు మంచి మనిషి. వాళ్ల ఇంటిపేరు ‘ఓవ్’తో ముగుస్తుంది, కోడలికి ‘ఓవా’ అవుతుంది. చిక్కంతా అక్కడే. మొగుడిదొకటి, పెళ్లానిదొకటి అయితే మన ఆఫీసుల్లో ఎంతమందికి సంజాయిషీ చెప్పాలి? పైగా దాని డిగ్రీ పట్టాలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమే. పాత సినిమా నటి దేవికారాణికి ఈ బాధ లేదు. వాల్తేరులో పుట్టిన ఆవిడ 1945లో స్వెతోస్లావ్ రోరిక్‌ను చేసుకుని రోరిక్ అయింది. ఆ పేరు ఆడవాళ్లకూ మారదు, అత్తగారు హెలీనా కూడా రోరికే.

పెళ్లికొడుకు బామ్మగారు పిల్ల తండ్రి పేరు అడిగింది. ఇక్కడ మర్యాదగా పిలవాలంటే పేరు వెంట తండ్రి పేరు రావాలి, ఆడవాళ్లకు ‘ఓవ్నా’ చేర్చి. బావ పేరు పొడవు తెలుసుగా! సగంలో ఊపిరి తీసుకుని, టీ తాగమంది.

నీ కూతురు పుట్టింటి పేరే ఉంచుకుంటానంది. నాకూ అదే సబబనిపించింది. మార్చుకుంటే పాస్‌పోర్టు మార్చాలి, వీసా మార్చాలి, బ్యాంకు చుట్టూ తిరగాలి. రేపు పుట్టే పిల్లలకు మాత్రం వాళ్ల నాన్నదేనట. తల్లిదండ్రుల ఇంటిపేర్లు వేరైనప్పుడు అది ఇద్దరూ కలిసి తేల్చుకోవాలని చట్టం. వీళ్లు అప్పుడే తేల్చేసుకున్నారు, చూశావా!

పెళ్లికొడుకేమో మీ ఇంటిపేరు తానే పెట్టుకుంటానన్నాడు. వేళాకోళానికే. బావకు చెప్పకు, నిజమనుకుని ఊరంతా చాటేస్తాడు.

నీ చెల్లెలు