పది చదరపు అడుగులు, రెండు ద్వారాలు

'గినీ పిగ్' అనే మాట నాకు మొదట పోలికగానే తెలుసు. మా టీమ్‌లో కొత్త రిలీజ్‌ని ముందుగా ఎవరి మీద వదిలితే వాళ్లు గినీ పిగ్స్. పేపర్లో మందుల ట్రయల్స్ వార్త వస్తే అందులోని మనుషులూ గినీ పిగ్స్. అసలు జంతువు ఏం తింటుందో, ఎలా బతుకుతుందో ముప్పై నాలుగేళ్లు వచ్చేదాకా తెలుసుకునే అవసరం పడలేదు. అది గినీ దేశానిదీ కాదు, పందీ కాదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మనుషులు వేల ఏళ్ల కిందట మచ్చిక చేసుకున్న జంతువు. అక్కడ దాన్ని వండుకుని తింటారు కూడా.

ఆ పోలిక ప్రాణంతో మా ఇంటికొచ్చింది జూన్‌లో. మిర్యాలగూడలో ఉండే మా మేనకోడలికి పదో తరగతి అయిపోగానే హైదరాబాద్‌లో ఒక ఇంటర్ హాస్టల్లో సీటు ఖాయమైంది. తను పెంచుకుంటున్న రెండు ఆడ గినీ పిగ్స్ జొన్న, సజ్జ అక్కడికి వెళ్లలేవు. "ఇంట్ల కూసొని పనిచేసేది నువ్వే గద మామా" అంటూ అట్టపెట్టె పట్టుకుని, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ బస్సెక్కి వచ్చేసింది. మా అమ్మ పెట్టెలోకి తొంగి చూసి, "ఎలుకలు జొర్రితె మందు వెడ్తం. నువ్వు ఇల్లు గడ్తవా బిడ్డా?" అంది.

కట్టాను. ఇవి ఎక్కే జంతువులు కాదు, పరిగెత్తేవి. అందుకే ఎత్తు కన్నా నేల ముఖ్యం. రెండింటికి కనీసం ఏడున్నర చదరపు అడుగులు కావాలంటారు. నేను నాలుగడుగుల పొడవు, రెండున్నర వెడల్పు తీసుకున్నా. మొత్తం పది. తీగల అడుగు వేస్తే పాదాలు పుండ్లవుతాయి కాబట్టి అడుగు చదునుగా ఉండాలి. మా బావ మిర్యాలగూడ రైస్ మిల్లులో లెక్కలు చూస్తాడు. పరుపుగా పనికొస్తుందని ఒక బస్తా ఊక పంపాడు. కానీ ఊక దుమ్ము వాటి ఊపిరితిత్తులకు పడదు. అది అమ్మ పూలకుండీల్లోకి పోయింది, ఇంట్లోని పాత బొంత ముక్కలై పంజరంలోకి వచ్చింది.

అసలు శత్రువు ఎండ. వీటికి హాయిగా ఉండేది ఇరవై డిగ్రీల చుట్టుపక్కల. ముప్పై దాటితే వడదెబ్బ భయం. మా దగ్గర మే నెలలో 44 మామూలు మాట. అందుకని ఉత్తరపు గదిలో నేల మీద పెట్టి, కిటికీకి తడి గోనెపట్టా వేలాడదీసి, లోపల ఒక మట్టికుండను అడ్డంగా పడుకోబెట్టాను. మధ్యాహ్నాలు ఇద్దరూ అందులోనే.

పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి రోజంతా గడ్డి నమలాలి. సాగర్ ఎడమ కాలువ కింద గడ్డికి కరువు లేదు గానీ, మందు కొట్టిన పొలం గట్ల మీద కోయకూడదు. గరికను మేడ మీద పెంచుతున్నా. మనలాగే వీటి ఒంట్లో కూడా విటమిన్ సి తయారవదు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు వీటికి ధాన్యమే పెట్టి చూస్తే స్కర్వీ వచ్చింది. ఆ వ్యాధి తిండి లోపం వల్ల వస్తుందని తేల్చడానికి మనిషికి పనికొచ్చింది ఈ ప్రాణులే. రోజూ ఒక క్యాప్సికం ముక్క వేస్తున్నప్పుడు ఆ బాకీ గుర్తొస్తుంది. సూర్యాపేటలో బర్రెల్నీ మేకల్నీ చూసే ఒక పశువుల డాక్టరు ఇంకో మాట చెప్పారు: "పెన్సిలిన్ రకం మందులు ఎవరిచ్చినా నోట్లో వెయ్యకండి, వీటి ప్రాణం పోతది." చీటీ రాసి గోడకి అంటించాను.

ఒంటరిగా ఉంచితే కుంగిపోతాయి. స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి ఒక్కదాన్నే పెంచడం చట్టరీత్యా కుదరదు. జంట ఉన్నా ఎవరి గూడు వాళ్లకుండాలి, ప్రతి గూటికీ రెండు ద్వారాలుండాలి. ఒక్కటే ఉంటే బలమైనది అడ్డంగా నిలబడగానే లోపలిది చిక్కుకుపోతుంది. గడ్డిని అట్ట గొట్టాల్లో కుక్కి దాస్తాను, వెతుక్కుంటూ పొద్దు గడుపుతాయి. సాయంత్రం గంటసేపు గదిలో వదిలితే, సంతోషం పట్టలేక పేలాల్లా ఎగిరిపడతాయి.

ఇంకొక సంగతుంది. వేటకు గురయ్యే జంతువులు గనుక జబ్బు చేసినా పైకి కనపడనివ్వవు. తిండి మానేసిన సంగతి మనకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే ప్రతి ఆదివారం వంటింటి కాటా మీద తూచి రాసుకుంటాను.

హాస్టల్ నుంచి ఫోన్ వచ్చేదీ ఆదివారమే. "ఎంతున్నయ్ మామా?" అని అడుగుతుంది ముందు. చెప్తాను. "నువ్వెట్లున్నవ్?" అంటే, "బానే ఉన్న." ఆ మాట జూలైలో కన్నా సెప్టెంబర్లో చిన్నదైంది. పొద్దున అయిదింటి నుంచి రాత్రి పదింటిదాకా స్టడీ అవర్స్, గదికి ఆరుగురు. వారం వారం తూచేది మార్కుల్ని, అవి అక్క ఫోన్‌కి వస్తాయి. అవి బాగానే ఉన్నాయి.

పోయిన వారం మిర్యాలగూడ వెళ్లి కూర్చున్నా. "అందరు పిల్లలు ఉంటలేరా? కట్టిన ఫీజు వాపస్ రాదు" అన్నాడు బావ. అదీ నిజమే, ఆయన జీతంలో అది చిన్న మొత్తం కాదు. "కాలేజీ మన ఊర్లనూ ఉంది కదా బావా. దసరాకి వచ్చినప్పుడు అడుగుదాం. ఏం చెప్పినా సరే అని మనం ముందే ఒప్పుకుని అడుగుదాం" అన్నాను. బావ పలకలేదు. చాలాసేపటికి అక్క, "అడుగుదాం" అంది.

దసరాకి ఇంకా పన్నెండు రోజులుంది. ఈ ఆదివారం జొన్న 880 గ్రాములు, సజ్జ 840.