మూడు సిలిండర్ల మెట్టు
మొన్న బ్రాడీపేట నాలుగో లైనులో, మెకానిక్ షెడ్డు ముందు ఒక పాత మారుతి 800 బానెట్ ఎత్తి ఉంది. 796 సీసీ, మూడు సిలిండర్లు. కుర్రాడు గుడ్డతో తుడుస్తుంటే నూనె మరకల కింద లోహం మెరిసింది. కాళ్ళు కదల్లేదు నాకు. రేసు డ్రైవర్ నరైన్ కార్తికేయన్ ఎక్కిన తొలి మెట్టు ఈ ఇంజనే కదా!

1977 జనవరి 14న, మన వాకిళ్ళలో గొబ్బెమ్మలుండే రోజుల్లో పుట్టాడు. ఊరు కోయంబత్తూరు, పత్తి మిల్లుల ఊరు. అక్కడి కరివర్ధన్ మారుతి ఇంజనుతోనే ఒంటిసీటు కార్లు కట్టారు. ఫార్ములా మారుతి అంటే అదే. ఎందరో మన పిల్లలకు రేసు కారులో కూర్చునే భాగ్యం ఆయన చలవేనని నా నమ్మకం.

నరైన్‌కు పదిహేనేళ్ళకే, 1992లో, ఫ్రాన్స్‌లో విన్‌ఫీల్డ్ రేసింగ్ స్కూలు. 1994లో బ్రిటన్‌లో ఫార్ములా ఫోర్డ్ వింటర్ సిరీస్ గెలుపు. 1996లో ఫార్ములా ఆసియా టైటిల్. ఆపైన బ్రిటిష్ ఫార్ములా 3. చెప్పుకుంటే నాలుగు మాటలే. కానీ ప్రతి మెట్టుకూ స్పాన్సరును వెతుక్కోవాలి. నైపుణ్యం ఉన్నా డబ్బు అందక ఆగిపోయేవాళ్ళను తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

2001లో ఫార్ములా 1 కారు నడిపి చూపించాడు. రేసులో సీటు దొరికింది మాత్రం 2005లో, జోర్డాన్ జట్టులో. కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు పెట్టి ధర కోసం చూసే మన రైతుకు ఆ నాలుగేళ్ళ బరువు తెలుస్తుంది.

కుర్రాడు తాళం తిప్పాడు. మూడు సిలిండర్లూ అందుకున్నాయి. అక్కడే నిలబడి కాసేపు విన్నాను.