నాన్న అంబాసిడరూ, నా ప్యాకింగ్ పాండిత్యమూ

మా నాన్నకి 78 ఏళ్ళు. ఆయన అంబాసిడర్‌కి 40. ఇద్దరిలో ఎవర్ని ముందు రిటైర్ చెయ్యాలని మా ఇంట్లో ఏడాదిగా గొడవ. అన్నయ్య కారు అమ్మేద్దామంటాడు, నేను వద్దంటాను. మొన్న సంక్రాంతికి నాన్న బ్రేకు తొక్కినా బండి సరిగ్గా ఆగక, గేటుకి జానెడు దూరం దాకా వచ్చింది. గేటవతల అన్నయ్య కూతురు ముగ్గేస్తోంది. ఇంక నేను నోరెత్తలేదు. నాన్న ఆ తర్వాత తాళం ముట్టుకోలేదు.

వెనక డిఫరెన్షియల్ దగ్గర నూనె కారుతోందని నాకు తెలుసు. అప్పటికి రెండుసార్లు గాస్కెట్ మార్పించాను. నెలకల్లా మళ్ళీ నేల మీద నల్ల మరక. మన భాషలో చెప్పాలంటే, మెమరీ లీకుకి ప్రతి శుక్రవారం సర్వర్ రీస్టార్ట్ చేసే బాపతు :)

హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్ తయారీ ఆపేసింది 2014లో. కాబట్టి షోరూం మాట మర్చిపోండి. ఎవరో చెబితే శాలిబండ సందుల్లో ఓ ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్ళాం. (పక్కనే చౌమహల్లాలో నిజాంల 1912 నాటి రోల్స్ రాయిస్ ఉంది. దాన్ని అమ్మేద్దామని ఎవరూ అనరు!)

నేను నెట్‌లో తెప్పించిన గాస్కెట్‌ని ఉస్తాద్ వెలుతురుకి పట్టి చూసి పక్కన పడేశాడు. అక్కడ దాన్ని ప్యాకింగ్ అంటారు. ముందు నూనె దించాడు. ప్రొపెల్లర్ షాఫ్ట్ ఫ్లాంజి మీద గీత పెట్టుకుని విప్పాడు, మళ్ళీ అదే వరసలో కూర్చోవాలిగా. రెండువైపులా ఆక్సిల్ షాఫ్టులు లాగితేగానీ క్యారియర్ బయటికి రాదు. అందుకోసం డ్రమ్ములు ఊడదీస్తే, ఎడమవైపు బ్రేకు షూలు నూనెలో నాని ఉన్నాయి.

"ప్యాకింగ్ తప్పు కాదు సార్" అంటూ హౌసింగ్ మీద మట్టీ గ్రీజూ గడ్డకట్టిన బొడిపె ఒకటి చూపించాడు. "ఇది బ్రీదర్. బండి నడిస్తే లోపల గాలి వేడయి ఉబ్బుతది. యాడికెల్లి పోవాలె? ఇది బంద్ అయితే నూనెను తోస్తది. ప్యాకింగ్ కాడ కొంచెం, సీలు కాడ కొంచెం."

అలాంటిదొకటి ఉందనే నాకు తెలీదు.

ప్యాకింగ్ తయారీ మాత్రం చూసి తీరాలండీ. కాగితం షీటుకి మధ్యలో కన్నం చేసి, క్యారియర్ అంచు మీద పరిచి, సుత్తితో టకటకా కొడుతూ పోయాడు. లోహపు అంచే కత్తెరలా కాగితాన్ని కోసేసింది. బోల్టు కన్నాలకి సుత్తి గుండు వైపు. మందం కాస్త తేడా వస్తే పళ్ళ పొంతన చెడదా అనడిగాను, తెలివిగా. క్రౌనూ పినియనూ రెండూ ఒకే క్యారియర్‌లో ఉంటాయి కదా, ఈ బండికి ఆ భయం లేదన్నాడు. నట్లు ఎదురెదురుగా బిగించి, కొత్త సీళ్ళు, కొత్త షూలు వేసి, 90 నంబరు నూనె పోశాడు. బ్రీదర్ని కిరసనాయిల్‌తో కడిగాడు, దానికి డబ్బులు తీసుకోలేదు.

అంతసేపూ స్టూలు మీద మాట్లాడకుండా కూర్చున్న నాన్న అప్పుడడిగారు, "అయితే ఆ రోజు నేను బ్రేకు సరిగ్గానే తొక్కానంటావా?"

"తొక్కిండ్రు సార్. బండే పట్టలే."

నయాపూల్ దాటాక నాన్న నన్ను పక్కకి ఆపమని, దిగి ఇటువైపు వచ్చి తలుపు తీసి నిలబడ్డారు. నేను జరిగాను. అన్నయ్య బ్లాగులు చదవడనే ధైర్యంతో ఇది రాస్తున్నాను.