కాగితం తితిలీ

మా మొహల్లా పిల్లలకు ఆదివారం పూట కాగితంతో పురుగులు చేయడం నేర్పుతున్నాం. నాలుగేళ్ల వాళ్లూ ఉన్నారు, ఏడేళ్ల వాళ్లూ ఉన్నారు. ఖర్చేమీ లేదు. పాత నోటుబుక్కుల అట్టలు, సంక్రాంతికి చెట్లకు చిక్కి చిరిగిన పతంగులు, చీపురు పుల్లలు, దారం, మైదా ఉడికించిన జిగురు. పత్రికల్లో పనిచేసే వాళ్లం గనుక పాత పేపర్లకు కొదవ లేదు. ఉర్దూవీ తెలుగువీ రెండూ మా ఇంటికొస్తాయి.

అన్నిటికన్నా తేలిక తితిలీ. రెండు చదరపు కాగితాలను వేలెడు వెడల్పున ముందుకీ వెనక్కీ విసనకర్రలా మడవాలి. రెంటినీ కలిపి నడుమ దారం కట్టి మడతలు విప్పితే రెక్కలు. చీపురు పుల్ల చీల్చి గుచ్చితే మీసాలు. నాలుగేళ్ల వాళ్లకు కత్తెర ఇవ్వం. చేత్తో చింపమంటాం. గొంగళి పురుగుకు రెండు కాగితపు పట్టీల కొసలను ఇంగ్లీషు ఎల్ అక్షరంలా అతికించి ఒకదాని మీద ఒకటి మడుస్తూ పోతే చాలు, లాగితే సాగుతుంది. చీమకు మూడు ఉండలు, ఆరు కాళ్లు. సాలీడుకు ఎనిమిది. కాళ్లు అతికించే లోపల పిల్లలకు అంకెలూ వచ్చేస్తాయి.

పేచీ అంతా పేర్ల దగ్గరే. తెలుగులో దాన్ని సీతాకోకచిలుక అంటాం. కోక అంటే చీర. మా పిల్లలు ఇంట్లో తితిలీ అంటారు, వీధిలో సీతాకోకచిలుక అంటారు, బడిలో బటర్‌ఫ్లై అంటారు. మేం మూడూ అనమంటాం. మా మొహల్లా పెద్దమనిషి ఒకాయన "సీత పేరు మన పిల్లల నోట ఎందుకు?" అన్నాడు. ఆ వారమే మా చిన్నది తను చేసిన తితిలీని బడికి పట్టుకెళితే అక్కడొకావిడ "తితిలీ ఏంటి? మీ భాష ఇక్కడొద్దు" అంది. ఇద్దరూ చెప్పింది ఒకటే. సగం నోరు మూసుకోమని.

మేం సగం నోటితో పుట్టలేదు. జూన్ చివర ఆరుద్ర కార్తెలో చెలకల్లో ఎర్ర మఖమల్ ముక్కలా పాకే పురుగును ఊరంతా ఆరుద్ర పురుగు అనేది. పొలంలో మా దాదీ కూడా అదే అనేది. ఇంటికొచ్చాక దాన్నే బీర్ బహూటీ అనేది. కార్తెలు తెలియకుండా ఆమె విత్తనం వేసిందా? అయినా ఇన్నేళ్ల తర్వాత మేం నోరు విప్పితే "అరె, మీకు తెలుగు భలే వచ్చే!" అని ఆశ్చర్యపోతారు.

ప్రాణమున్న వాటి బొమ్మలు చేయించొచ్చా అని అడిగేవాళ్లూ ఉన్నారు. బీబీ ఆయిషా ఆడుకున్న బొమ్మల్లో గుడ్డ రెక్కల గుర్రం ఉందని హదీసులో చదువుకున్నాం. ఖురాన్‌లో చీమ, తేనెటీగ, సాలీడు పేర్లతో మూడు సూరాలున్నాయి. నమ్ల్, నహ్ల్, అన్‌కబూత్. సూరా పేరులో చోటున్న చీమకు మా పిల్లల అట్టముక్క మీద చోటుండదా?

కాగితం సంగతి కూడా చెప్పాలి. కాగితం అన్న మాట ఫారసీ కాగజ్ నుంచి వచ్చింది. కలం అరబ్బీ. 1938లో ఏర్పడిన సిర్పూర్ పేపర్ మిల్లు వల్ల ఊరి పేరే కాగజ్‌నగర్ అయింది. ఆ పేరు పలకడానికి ఎవరికీ నాలుక మెలిక పడదు.

మాకు మాత్రం కాగజ్ అంటే భయం కూడా ఉంది. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చాక, ఆ చలికాలమంతా మా మొహల్లాలో జిరాక్సు షాపుల ముందు జనమే. తాతల నాటి కాగితాల కోసం ఇనప్పెట్టెలు దులిపాం. ఆ రోజుల్లో ఒక పిల్లవాడు ఇంట్లో దొరికిన కాగితంతో మిడత చేసుకొచ్చాడు. విప్పి చూస్తే వాళ్ల నాన్న బర్త్ సర్టిఫికెట్టు నకలు. తల్లి పరుగెత్తుకొచ్చి వణికే చేతులతో మడతలు సాపు చేసుకుంది. వాడేమో "నా టిడ్డా, నా టిడ్డా" అని ఒకటే ఏడుపు. పాత పేపరుతో ఇంకోటి చేసిచ్చాం. వాడు ఊరుకున్నాడు. ఆ తల్లి ఊరుకోలేదు. నకలు కూడా నలగకూడదన్న భయాన్ని ఈ దేశంలో ఇంకెంతమంది తల్లులు మోస్తున్నారు?

పెద్దపిల్లలు ఇప్పుడు రెక్కల మీద పేర్లు రాస్తున్నారు. కుడి రెక్క మీద ఉర్దూ, కుడి నుంచి ఎడమకు. ఎడమ రెక్క మీద తెలుగు, ఎడమ నుంచి కుడికి. రెండు పేర్లూ వచ్చి నడుమ దారం దగ్గర ఆగుతాయి. ఒక రెక్క తీసెయ్యమనే వాళ్లు ఇటూ ఉన్నారు, అటూ ఉన్నారు. వాళ్లను ఒకసారి మా పిల్లల దగ్గరికొచ్చి ఆ దారం విప్పి చూడమనండి. ఒక రెక్క రాలదు. రెండూ రాలతాయి.