నాలుగు కోట్ల అంకెల సంఖ్య

మేము ఐదుగురం, పదకొండో తరగతి. మా తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. బడిలో హిందీ, ఇంగ్లీషు, బజారులో బెంగాలీ, ఇంట్లో తెలుగు. కానీ లెక్కలు ఎప్పుడూ తెలుగులో చెప్పుకోలేదు. ఈసారి ఆ ప్రయత్నం చేద్దామనుకున్నాం.

ఒకటికంటే పెద్దదై, ఒకటితోనూ తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ శేషం లేకుండా భాగించలేని సంఖ్యను ప్రధాన సంఖ్య అంటారు. ఈ మాట మాకు ఊళ్ళో ఉన్న మామయ్య కూతురి పుస్తకంలో దొరికింది. స్టేషన్లో ఇంజను మీద ఐదంకెల నంబరు కనిపిస్తే, అది ప్రధాన సంఖ్య అవునా కాదా అని పందెం వేసుకుంటాం. 316 లోపు ప్రధాన సంఖ్యలు 65 ఉన్నాయి. వాటితో భాగించి చూస్తే చాలు, తేలిపోతుంది.

మేమిది రాసేనాటికి తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య 2024 అక్టోబరులో దొరికింది. కనుగొన్నది అమెరికాకు చెందిన ల్యూక్ డ్యూరాంట్. 13,62,79,841 రెండులను వరసగా గుణించి, ఒకటి తీసేస్తే అది వస్తుంది. అందులో అంకెలు 4,10,24,320. అర సెంటీమీటరుకు ఒక అంకె చొప్పున రాస్తే పొడవు 205 కిలోమీటర్లు. అంటే ఇక్కడి నుంచి హౌరా దాకా రాసి, తిరుగు దారిలో ఇంకో 90 కిలోమీటర్లు రావాలి. మన 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం మీదే రాస్తే 191 వరసలు నిండి ఇంకా కొంచెం మిగులుతుంది.

ఇంత సంఖ్యలోనూ చివరి అంకెను మనం నోటితో చెప్పవచ్చు. రెండు ఘాతాల చివర 2, 4, 8, 6 అంకెలే తిరిగి తిరిగి వస్తాయి. 13,62,79,841ని నాలుగుతో భాగిస్తే శేషం ఒకటి. కాబట్టి ఆ ఘాతం చివర 2, ఒకటి తీసేస్తే 1. అంతే!

మాలో ఒకరి తాతగారు వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఇదంతా విని, "ఇంత లెక్క ఏటికి పనికొస్తాదిరా?" అన్నారు. ఈ సంఖ్యతో ఇప్పటికైతే పని లేదని ఉన్నమాటే చెప్పాం. కానీ ఫోనులో ఆయన పింఛను చూసుకునేటప్పుడు, వందల అంకెల ప్రధాన సంఖ్యలు కాపలా కాయగలవు. అలాంటివి రెండు గుణించడం కంప్యూటరుకు క్షణంలో పని. ఆ లబ్ధాన్ని మళ్ళీ రెండుగా విడగొట్టడం మాత్రం ఇప్పటి కంప్యూటర్ల వల్ల కాదు. 1977లో రివెస్ట్, షమీర్, ఆడల్‌మన్ ఈ ఉపాయంతో రహస్య లిపి తయారుచేశారు.

తాతగారు కాసేపు ఆలోచించి, "తాళం ఎవుడైనా ఎయ్యొచ్చు, తాళంచెవి ఉన్నోడే తియ్యాల. అంతేనా?" అన్నారు. అంతే తాతగారూ! మేము పేజీ నిండా రాసింది ఆయన ఒక్క మాటలో చెప్పేశారు.

చదివేవారికి ఒక లెక్క. 2147483647 ప్రధాన సంఖ్యేనని 1772లో ఆయిలర్ నిరూపించాడు. అది 31 రెండుల లబ్ధం కంటే ఒకటి తక్కువ. దాని చివర 1 కాకుండా 7 ఎందుకొచ్చింది? కాగితం అక్కర్లేదు, ఇంట్లో పెద్దవాళ్ళతో కలిసి, తెలుగులోనే చెప్పుకుంటూ చేసి చూడండి.